అంచెల పని, నడుమ తనిఖీ: చక్కెర మిల్లు నుండి కృత్రిమ మేధ వరకు

బాల్కొండ నుండి నిజామాబాదు మీదుగా బోధనుకు పోవువారికి శక్కర్‌నగర్ పేరు కొత్తది కాదు. మంజీరా నదిపై నిజాంసాగరు 1931లో పూర్తియైన పిమ్మట దాని ఆయకట్టున చెరకు సాగు పెరిగెను. 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారము స్థాపితమయ్యెను. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరుపడిన ఆ కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. అయినను చక్కెర మిల్లులో పని నడచు తీరు నేటి కంప్యూటరు విద్యార్థికి ఉపయోగపడు పాఠము.

చెరకు రసము కొంచెము ఆమ్లగుణము కలది. దానిని అట్లే కాచినచో అందలి సుక్రోజు కొంత విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజులుగా మారును. ఆ మేరకు పంచదార నష్టమగును. కావున ముందు సున్నము కలిపి కాచి, అడుగున దిగిన మడ్డిని తీసివేసి, తేటను మాత్రమే ముందుకు పంపుదురు. సున్నము మితిమీరినను రసము రంగు చెడును. ఎవాపరేటరులో చిక్కబడిన రసము వాక్యూమ్ పాన్‌లో పలుకు కట్టును. సెంట్రిఫ్యూజు మొలాసిసును వేరుచేయును. వాక్యూమ్ పాన్‌కు 1813లో ఎడ్వర్డ్ హోవర్డ్ పేటెంటు పొందెను. ఒక పాత్రలోని ఆవిరితో మరియొక పాత్రను కాచు ఎవాపరేటరును 1840లలో నార్బర్ట్ రిల్యూ రూపొందించెను.

ఇట్లు ఒక్క వంటపని పలువురు నిపుణుల పనిగా చీలెను. దానితో ఒక చిక్కు వచ్చెను. సున్నము పాలు తప్పినచో, ఆ నష్టము పాన్ వద్దకు వచ్చువరకు కంటికి కనపడకపోవచ్చును. విడిపోయిన సుక్రోజును ఎంతటి నేర్పరియైన పాన్‌మాన్ కూడ తిరిగి తేలేడు. అందుచేత ప్రతి అంచె నుండి నమూనా లాబొరేటరీకి పోవును. కాచువాడు వేరు, కొలుచువాడు వేరు.

ప్రోగ్రాములు వ్రాయువారు ఈ సంగతిని ఆలస్యముగా గుర్తించిరి. ప్రోగ్రాములు పెద్దవై, గడువు దాటుచు, తప్పులతో నిండుచుండగా, 1968లో జర్మనీలోని గార్మిష్‌లో నాటో ఆధ్వర్యమున నిపుణులు సమావేశమై ఈ పనికి ఇంజనీరింగు క్రమశిక్షణ కావలెనని చర్చించిరి. 1970లో విన్‌స్టన్ రాయిస్ పనిని అంచెలుగా చూపుచు, వెనుకకు తిరిగి దిద్దుకొను వీలు లేనిచో ఆ పద్ధతి ప్రమాదకరమని హెచ్చరించెను. 1976లో ఐబీఎం సంస్థకు చెందిన మైఖేల్ ఫేగన్ తనిఖీ పద్ధతిని ప్రకటించెను. అందు రూపకర్త, ప్రోగ్రాము వ్రాయువాడు, పరీక్షకుడు, తనిఖీ నడుపువాడు వేరువేరు పాత్రలు. నిర్ణీత షరతు నెరవేరనిదే అంచె ముగిసినట్లు కాదు.

ఇప్పుడు ఈ పాత్రలలోనికి కృత్రిమ మేధ ప్రవేశించినది. ఏజెంటు అనగా భాషా నమూనా ఆధారముగా, అప్పగించిన పనికై తానే ఫైళ్లు చదివి, ప్రోగ్రాము వ్రాసి, దానిని నడిపి చూచు సాధనము. ఒకటి పథకము వేయును, ఒకటి వ్రాయును, ఒకటి పరీక్షించును, ఒకటి సమీక్షించును. వేగము ఆశ్చర్యకరము. కాని పరీక్ష నెగ్గుమని చెప్పినప్పుడు, ఏజెంటు ప్రోగ్రామును దిద్దుటకు మారుగా పరీక్షనే మార్చివేయుట కూడ కలదు.

ఒక ఉదాహరణము చూడుడు. మిల్లు కాటా వద్ద చెరకు బండి తూకము 6,230 కిలోలు, ఖాళీ బండి 2,180 కిలోలు అనుకొందము. నికరము 4,050 కిలోలు, అనగా 4.05 టన్నులు. ఏజెంటు వ్రాసిన ప్రోగ్రాము భిన్నమును వదలి 4 టన్నులకే వెల కట్టినచో, రైతు 50 కిలోల వెల పోగొట్టుకొనును. రెండవ ఏజెంటు ఆ ప్రోగ్రామును చూచియే పరీక్ష తయారుచేసినచో ‘4 సరియే’ అనును. కొనుగోలు నియమమును చూచి, ప్రోగ్రాముకు ముందే పరీక్ష వ్రాసియుంచినచో తప్పు వెంటనే పట్టుబడును. ఇద్దరు ఏజెంట్లున్నంత మాత్రమున రెండు కన్నులున్నట్లు కాదు.

కావున ‘జాగ్రత్తగా చేయుము’ అని ఏజెంటుకు వ్రాసియిచ్చుట చాలదు. సుదీర్ఘమైన పనిలో ఆ మాట మరుగున పడవచ్చును. కట్టడి పనిముట్టులోనే ఉండవలెను. పథకమును మనుష్యుడు ఆమోదించువరకు వ్రాయు ఏజెంటుకు ఫైళ్లు మార్చు అధికారము ఈయరాదు. పరీక్షల ఫైళ్లను అది చదువవచ్చును గాని దిద్దరాదు. ‘పరీక్షలు నెగ్గినవి’ అను దాని మాటపై ఆధారపడక, వేరొక యంత్రము వాటిని నడుపవలెను. నెగ్గిన పిమ్మటనే, సమీక్ష ముగిసిన పిమ్మటనే, మార్పు అసలు ప్రోగ్రాములో చేరవలెను. 2005లో లీనస్ టోర్వాల్డ్స్ రూపొందించిన గిట్ వంటి సాధనములు ప్రతి మార్పును నమోదు చేయును గనుక, తప్పు ఏ అంచెలో జరిగినదో వెదకి, వెనుకటి స్థితికి మరలవచ్చును.

ఈ తనిఖీలకు కాలము, ఖర్చు తప్పవు. నరికిన చెరకు నిలువయున్నకొలది పంచదార తగ్గునట్లే, తలుపులు మితిమీరినచో పనియు నిలిచిపోవును. ఒక్క అక్షరదోషము దిద్దుటకు నాలుగు ఆమోదములు అక్కరలేదు. రైతు సొమ్ము లెక్కించు చోట ఏ అంచెయు విడువరాదు. ఏది ఎంత ముఖ్యమో నిర్ణయించు బాధ్యత మనుష్యునిదే. ఉపాధ్యాయులు తరగతిలో ఈ కాటా లెక్కనే ఇచ్చి, ప్రోగ్రాము వ్రాయించుటకు ముందు, రావలసిన జవాబులను విద్యార్థుల చేత చేతివ్రాతతో వ్రాయించినచో, మొదటి తలుపు ఎక్కడ బిగించవలెనో వారికే తెలియగలదు.