రాయి కరిగి లావా ఎలా అవుతుంది? మామిడి నేలకు దానితో సంబంధం ఏమిటి?

"మా ఎర్ర నేలలు ఒకప్పటి లావాయేనా?" అని నూజివీడు ప్రాంత మామిడి రైతులు అడుగుతుంటారు. కాదు. అయితే లావా గట్టిపడి ఏర్పడిన రాయి మనకు దగ్గరలోనే ఉంది. ఈ తేడా తెలిస్తే కొత్త తోటకు పొలం ఎంపికలో పొరపాటు జరగదు.

రాయి ఎలా కరుగుతుంది?
వంద కిలోమీటర్ల లోతున రాయి ఎంతో వేడిగా ఉన్నా, పైబరువు వల్ల సాధారణంగా గట్టిగానే ఉంటుంది. అది కరగడానికి మూడు కారణాలు:
• ఒత్తిడి తగ్గడం: లోతులోని వేడి రాయి నెమ్మదిగా పైకి జరిగితే ఒత్తిడి తగ్గి, కొంత భాగం కరుగుతుంది. ప్రెషర్ కుక్కర్‌లో 100 డిగ్రీలు దాటిన నీరు, ఒత్తిడి తీసేయగానే కుతకుత మరిగినట్లే.
• నీరు చేరడం: నీరు కలిస్తే రాయి తక్కువ వేడికే కరుగుతుంది.
• వేడి తగలడం: కింది నుంచి వచ్చిన మాగ్మా పక్క రాళ్లను కరిగిస్తుంది.
భూమి లోపల ఉన్నప్పుడు దాన్ని మాగ్మా అని, పైకి వచ్చి పారితే లావా అని అంటారు.

మన దగ్గర లావా
సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం దక్కన్‌లో 1,100 డిగ్రీలకు పైగా వేడితో లావా పారింది. రాజమహేంద్రవరం పక్కన కాతేరు, గోదావరికి ఇవతల పంగిడి, దుద్దుకూరు క్వారీల్లోని నల్లరాయి (బసాల్ట్) ఆ కాలపు లావాయే. నూజివీడు వైపు ఉన్నవి ఖోండలైట్, చార్నోకైట్ రాళ్లు, గొల్లపల్లి దగ్గర ఇసుకరాయి. ఇవి లావా రాళ్లు కావు. వీటిలోని ఇనుము తుప్పుపట్టడం వల్లే మన నేలలకు ఎరుపు వచ్చింది.

రైతులు గమనించవలసినవి
• బసాల్ట్ చివికితే బంక ఎక్కువగా ఉన్న నల్లరేగడి అవుతుంది. వానకు నీరు నిలుస్తుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. మామిడి వేర్లకు ఇది మంచిది కాదు. నీరు ఇంకే లోతైన ఎర్ర గరప నేలలు అనుకూలం.
• రంగు ఒక్కటే చూసి నిర్ణయించవద్దు. డెల్టా నల్లమట్టి చాలావరకు నది తెచ్చిన ఒండ్రు. ఎర్ర నేలలో కూడా కొన్నిచోట్ల కిందనే రాతి పొర ఉండవచ్చు.
• మొక్కలు నాటే ముందు 2 మీటర్ల లోతు గుంత తీసి రాతి పొర, సున్నపు పొర ఉన్నాయేమో చూడండి. గుంతలో పోసిన నీరు మర్నాటికీ ఇంకకపోతే అక్కడ నాటవద్దు.
• ప్రతి అడుగు లోతుకు మట్టిని విడిగా తీసి పరీక్షకు పంపండి. ఉదజని సూచిక 5.5 నుంచి 7.5 మధ్య ఉంటే మంచిది.

మామిడి పదుల ఏళ్లు నిలిచే పంట. నాటిన ఐదారేళ్లకు నేల పనికిరాదని తెలిస్తే చేసేదేమీ ఉండదు. కాబట్టి ముందే గుంత తీసి చూడండి.