మంచం ఒకరికి, వార్డు ఇద్దరికి: డిమెన్షియా రోగులకు తగిన ఆసుపత్రి ఏర్పాటు

డిమెన్షియా ఉన్న మనిషి ఆసుపత్రిలో చేరేది సాధారణంగా డిమెన్షియా కోసం కాదు. తుంటి ఎముక విరిగో, నిమోనియా వచ్చో, మూత్రంలో ఇన్ఫెక్షన్ సోకో, షుగరు పడిపోయో చేరతారు. కేసు షీటు మీద ఆర్థోపెడిక్స్ అనో, జనరల్ మెడిసిన్ అనో రాస్తారు. మతిమరుపు సంగతి ఇంటివాళ్ళు చెబితే తెలుస్తుంది, చెప్పకపోతే లేదు. అందుచేత ఈ రోగులకు తగిన ఆసుపత్రి అనగానే ఊరి చివర ప్రత్యేకంగా కట్టిన కేంద్రాన్ని ఊహించుకుంటే అసలు సమస్య చేజారిపోతుంది. పెద్దాసుపత్రిలోని మామూలు వార్డు, మామూలు వరండా, మామూలు మరుగుదొడ్డి ఎలా ఉండాలన్నదే ప్రశ్న.

ఇది కొద్దిమందికి సంబంధించిన ప్రశ్న కాదు. 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం (లాసీ-డ్యాడ్) ప్రకారం మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. మగవారికన్నా ఆడవారిలో, పట్టణాలకన్నా పల్లెల్లో ఎక్కువ. ఇంగ్లండులో ఆసుపత్రి పడకల్లో దాదాపు నాలుగోవంతు వరకు ఇలాంటి రోగులే ఉంటారని అక్కడి అల్జైమర్స్ సొసైటీ 2009లోనే అంచనా వేసింది.

ఆసుపత్రి పరిసరాల మీద పాశ్చాత్య దేశాల్లో నాలుగైదు దశాబ్దాలుగా పని జరుగుతోంది. అందులో వెలుతురు, నేల, మరుగుదొడ్డి గురించి తేలిన విషయాలు మనకు దాదాపు ఉన్నవున్నట్టుగా పనికొస్తాయి, ఎందుకంటే ముసలి కన్ను ఏ దేశంలోనైనా ముసలి కన్నే. బోర్డుల సంగతి వేరు, దాన్ని మనం కొత్తగా ఆలోచించుకోవాలి. ఇక మూడోది: అక్కడివాళ్ళు ఉద్యమం చేసి సాధించుకున్న ఒక వనరు మన వార్డుల్లో ఎప్పటినుంచో ఉంది, కానీ మన భవనాలు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. అదే రోగి పక్కనుండే తోడు మనిషి.

సామర్థ్యం తగ్గినకొద్దీ

పావెల్ లాటన్, లూసిల్ నాహెమో 1973లో ఒక సూత్రీకరణ చేశారు. మనిషి సామర్థ్యానికీ, పరిసరాలు అతని మీద పెట్టే ఒత్తిడికీ పొంతన కుదిరినంతకాలం అతను తన పనులు తాను చేసుకోగలడు. సామర్థ్యం తగ్గినకొద్దీ అదే గది, అదే మెట్టు, అదే చప్పుడు భరించలేనంత బరువవుతాయి. ఇందులో గట్టి ఆశ కూడా ఉంది. మెదడులో పోయినదాన్ని వెనక్కి తేలేకపోయినా, పరిసరాల ఒత్తిడిని తగ్గించడం మన చేతుల్లోనే ఉంది. స్కాట్లండులోని స్టిర్లింగ్ విశ్వవిద్యాలయంలో 1989లో ఏర్పడిన డిమెన్షియా కేంద్రం, లండన్‌లోని కింగ్స్ ఫండ్ సంస్థ తరవాతి కాలంలో ఈ ఆలోచనను ఆచరణలోకి తెచ్చాయి. 2013లో ఇంగ్లండు ప్రభుత్వం ఆసుపత్రులనూ వృద్ధాశ్రమాలనూ ఈ రోగులకు అనువుగా మార్చడానికి 5 కోట్ల పౌండ్లు కేటాయించింది.

ఒక పరిమితిని మాత్రం దాచకూడదు. ఈ పరిశోధనలో ఎక్కువ భాగం రోగులు ఏళ్ళ తరబడి ఉండే ఆశ్రమాల్లో జరిగింది. అక్కడ మనిషికి చోటు మెల్లగా అలవాటవుతుంది. ఆసుపత్రిలో ఆ వ్యవధి ఉండదు. కొత్త విషయం గుర్తుపెట్టుకోలేని మనిషిని కొత్త చోట పడుకోబెట్టి, వారం తిరక్కుండా పంపించేస్తాం. కాబట్టి ఆసుపత్రిలో ప్రతి వస్తువూ తొలిచూపులోనే అర్థం కావాలి. నిన్న సిస్టరు చూపించింది కదా అనుకోవడానికి అక్కడ వీల్లేదు.

అర్థం కాకపోతే వచ్చే ప్రమాదం చికాకుతో ఆగదు. డిమెన్షియా ఉన్నవారికి ఆసుపత్రిలో డెలీరియం, అంటే మన పెద్దలు సంధి అనే స్థితి, తొందరగా వస్తుంది. దాన్ని తెచ్చిపెట్టే కారణాలను 1996లో షారన్ ఇనౌయే, పీటర్ షార్పెంటియర్ గుర్తించారు: కాళ్ళూ చేతులూ కట్టేయడం, పోషణ లేకపోవడం, ఒకేసారి మూడుకు మించి కొత్త మందులు, మూత్రనాళంలో గొట్టం, చికిత్సలో భాగంగానే జరిగే హాని. రోగి లేచి తిరుగుతున్నాడని చేతులు కట్టేసే అలవాటున్న వార్డులు ఈ జాబితాను గోడకు అంటించుకోవాలి.

ఇనౌయే బృందమే 1999లో మరో ఫలితం ప్రకటించింది. 70 ఏళ్ళు నిండిన 852 మంది రోగుల మీద జరిగిన ఆ అధ్యయనంలో మామూలు వైద్యం పొందినవారిలో 15 శాతం మందికి డెలీరియం రాగా, ప్రత్యేక శ్రద్ధ పొందినవారిలో 9.9 శాతం మందికే వచ్చింది. ఆ శ్రద్ధలో ఖరీదైన మందేమీ లేదు. కళ్ళజోడు, వినికిడి యంత్రం దగ్గర ఉంచడం, నీళ్ళు తాగించడం, లేపి నడిపించడం, ఇవాళ ఏ రోజో చెప్పడం, రాత్రి వేడిపాలు ఇచ్చి వీపు నిమరడం, మాత్రలు నూరే చప్పుడు కూడా లేకుండా చూడడం. గోడలు మార్చితే చాలదనడానికి ఇదే సాక్ష్యం. గోడలు మార్చనక్కర్లేదనడానికి మాత్రం కాదు, ఎందుకంటే ఈ పనుల్లో సగం గది సహకరించకపోతే జరగవు.

ముసలి కన్ను చూసే వార్డు

అరవై ఏళ్ళ మనిషి రెటీనాకు చేరే వెలుతురు, ఇరవై ఏళ్ళ మనిషికి చేరేదాంట్లో సుమారు మూడోవంతు. కంటి కటకం పసుపుబారడంతో నీలం, ఆకుపచ్చ రంగుల తేడా మసకబారుతుంది. దానికి డిమెన్షియా తోడైతే లోతును అంచనా వేయడం, వస్తువును నేపథ్యం నుంచి విడదీసి చూడడం కూడా కష్టమవుతాయి. ఇప్పుడు మన కార్పొరేట్ ఆసుపత్రుల వరండాలో నడిచి చూడండి. అద్దంలా మెరిసే తెల్లటి టైల్స్ మీద ట్యూబ్‌లైట్ ప్రతిబింబం పడి నీళ్ళు ఒలికినట్టుంటుంది. గుమ్మం దగ్గర పరిచిన నల్లటి పట్టా గొయ్యిలా కనిపిస్తుంది. ముసలాయన అక్కడ ఆగిపోతాడు, లేదా దాటబోయి పడతాడు. మనం దాన్ని మొండితనం అంటాం. మెరుపు లేని, ఒకే రంగులో సాగే నేల, గోడకూ నేలకూ మధ్య స్పష్టమైన రంగు తేడా ఉంటే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. కొత్త భవనంలో దీనికి అదనపు ఖర్చంటూ పెద్దగా ఉండదు.

మరుగుదొడ్డి గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే రోగి గౌరవం ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. బాత్రూం ఎక్కడుందో తెలియక పక్క తడుపుకున్న మనిషికి డయపర్ వేస్తారు, లేదా గొట్టం పెడతారు. గొట్టం పెడితే పైన చెప్పిన డెలీరియం జాబితాలోకి మళ్ళీ వెళ్ళినట్టే. మంచం మీది నుంచే మరుగుదొడ్డి తలుపు కనబడాలి, ఆ తలుపుకు వార్డంతటా ఒకే ముదురు రంగు ఉండాలి, స్టోరు గది తలుపు గోడ రంగులో కలిసిపోవాలి. తెల్లటి టైల్స్ మధ్య తెల్లటి కమోడ్ ముసలి కంటికి ఆనదు. సీటుకు నీలమో ఎరుపో వేస్తే ఆనుతుంది. జీవితమంతా చెంబుతో, కుళాయితో గడిపిన మనిషికి సెన్సార్ కుళాయి ఒక చిక్కుముడి. తిప్పే కుళాయి, కంటికి కనబడే మగ్గు, బకెట్ ఉండాలి. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల రోగి పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపును అతని శరీరమే అడ్డుకుంటుంది.

కంచం విషయం కూడా ఇలాంటిదే. 2004లో బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, తీవ్రస్థాయి అల్జైమర్స్ ఉన్న తొమ్మిది మందికి తెల్లటి పాత్రలకు బదులు ముదురు ఎరుపు పాత్రల్లో భోజనం పెట్టారు. తిన్న ఆహారం 25 శాతం, తాగిన ద్రవం 84 శాతం పెరిగాయి. తొమ్మిది మంది చాలా చిన్న సంఖ్య, దాన్ని పట్టుకుని సిద్ధాంతం చేయలేం. కానీ తెల్లటి కంచంలో పెరుగన్నమో, ఇడ్లీయో వడ్డించే మన వార్డుల్లో ఎవరైనా దీన్ని రేపే పరీక్షించి చూడవచ్చు. రోగి తినడం లేదని ముక్కులో గొట్టం వేసేముందు కంచం రంగు మార్చి చూడడం వల్ల నష్టమేమీ లేదు.

పగలు, రాత్రి

నెదర్లాండ్స్‌లోని 12 ఆశ్రమాల్లో 189 మంది మీద జరిగి, 2008లో వెలువడిన అధ్యయనంలో పగలంతా సుమారు 1000 లక్స్ వెలుతురు ఇచ్చినచోట మేధాశక్తి క్షీణత కొద్దిగా నెమ్మదించింది, దిగులు లక్షణాలూ తగ్గాయి. ఎండ పుష్కలంగా ఉన్న నేలమీద మనం కిటికీలు లేని ఐసీయూలు కడుతున్నాం. విన్సెంట్ ఎష్ రూపొందించిన ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం లాంటి వాటిలో ఎత్తైన కప్పూ, పెద్ద కిటికీలూ పగటి వెలుగును లోపలికి రానిచ్చేవి. అయితే ఎత్తైన కప్పు కింద చప్పుడు మారుమోగుతుంది, ఆ దోషాన్నీ ఒప్పుకోవాలి. ఆసుపత్రుల చుట్టూ నిశ్శబ్ద మండలంలో రాత్రి 40 డెసిబెల్స్ మించకూడదని మన 2000 నాటి నిబంధనలు చెబుతాయి. వార్డు లోపల రాత్రి 30 దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో చేసిన సూచన. వీధి హోరు ఆగినా ట్రాలీ చక్రాలు, మానిటర్ల బీప్‌లు, సెల్‌ఫోన్ మోతలు ఆగవు. రాత్రి వేళ రోగిని ఒక మంచం మీంచి మరో మంచానికి మార్చడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. అది పూర్తిగా మానుకోదగ్గది.

బోర్డు ఎవరికి అర్థం కావాలి

హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన అధ్యయనం ప్రసిద్ధమైంది. ఒకటికి మించి భాషలు వచ్చినవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందన్నది దాని ఫలితం. భవనాలు కట్టేవాళ్ళు అందులో గమనించాల్సింది ఇంకొకటుంది. ఆ రోగుల్లో తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు భాషలు కలగలిసి ఉన్నాయి. అసలు చదువే రానివారూ ఉన్నారు. అలాంటి వార్డులో ఇంగ్లీషు అక్షరాల బోర్డు ఎవరికి దారి చూపిస్తుంది? కింగ్స్ ఫండ్ సలహా ప్రకారం మాటా బొమ్మా కలిపి పెట్టాలి. ఆ బొమ్మ మాత్రం మన పెద్దలకు తెలిసినదై ఉండాలి. గీతలతో గీసిన మగ, ఆడ ఆకారాలు చాలామంది పల్లెటూరి వృద్ధులకు మరుగుదొడ్డిని తలపించవు. ఏ బొమ్మ పనిచేస్తుందో గుంటూరులోనో, ఖమ్మంలోనో ఓపీకి వచ్చే పెద్దలకే చూపించి అడగాలి. బోర్డు తల ఎత్తితే గాని కనబడని ఎత్తులో కాకుండా, నడుము వంగిన మనిషి చూపు ఆనేచోట ఉండాలి.

తోడు మనిషి

2014లో ఇంగ్లండులో అల్జైమర్స్ ఉన్న జాన్ జెరార్డ్ అనే వృద్ధుడు కాలిపుండ్లతో ఆసుపత్రిలో చేరాడు. కుటుంబసభ్యుల రాకపోకల మీద ఆంక్షలుండేవి. అయిదు వారాల తరవాత ఇంటికొచ్చేసరికి బాగా చితికిపోయాడు. అదే ఏడాది నవంబరులో కన్నుమూశాడు. ఆయన కూతురు నికీ జెరార్డ్, మిత్రురాలు జూలియా జోన్స్‌తో కలిసి ‘జాన్స్ క్యాంపెయిన్’ మొదలుపెట్టింది. డిమెన్షియా రోగి పక్కన తనవాళ్ళు ఉండే హక్కు కోసం సాగిన ఆ ఉద్యమం చాలా ఆసుపత్రుల పద్ధతిని మార్చింది.

మన దగ్గర తోడు లేకుండా రోగిని చేర్చుకోవడమే అరుదు. కోడలో, కూతురో, మనవడో పక్కన ఉంటారు. మందులు తెచ్చేది, తినిపించేది, బాత్రూంకి తీసుకెళ్ళేది వాళ్ళే. పరిచయమైన ఆ ముఖం, ఆ గొంతు రోగికి దారి చెప్పే గట్టి గుర్తు. ఏ రంగూ ఏ బోర్డూ దానికి సాటిరావు. అయినా ఆ మనిషి పడుకునేది మంచం కింద చాప మీద, సంచీ పెట్టుకునేది కిటికీ అంచు మీద. అటెండెంట్ పాసు ఒకటే కాబట్టి మనుషులు మారుతుంటారు. ఆడవాళ్ళ వార్డులో రాత్రి కొడుకు ఉండకూడదు. ఐసీయూలో అసలెవరూ ఉండకూడదు. రోగికి తోడు ఎక్కువ అవసరమైన రాత్రివేళే, ఎక్కువ అవసరమైన గదిలోనే ఆ తోడును తీసేస్తున్నాం.

కాబట్టి వార్డును మంచానికి ఇద్దరి లెక్కన కొలవాలి. మంచం పక్కన వాలి పడుకోగల కుర్చీ, తాళం వేసుకునే చిన్న అర, ఇద్దరు పట్టేంత వెడల్పున్న బాత్రూం, పడుకున్నవారికి రోగి ముఖం కనబడే ఏర్పాటు, ఆడవాళ్ళ వార్డులోనూ దగ్గరివాళ్ళు ఉండగలిగేలా తెరలతో విడదీసిన మూల కావాలి. మంచం తలవైపు ఒక చీటీ ఉండాలి. ఈ మనిషిని ఇంట్లో ఏమని పిలుస్తారు, కాఫీయా టీయా, దేనికి భయపడతారు, బాత్రూంకి ఏ వేళకు వెళ్తారు అన్నవి ఇంటివాళ్ళు చెబితే సిస్టరు రాసిపెట్టాలి. ఇంగ్లండులో ఇలాంటి పత్రం చాలాకాలంగా వాడుకలో ఉంది. ఒక్క జాగ్రత్త అవసరం. తోడు మనిషి ఉంది కదా అని నర్సుల సంఖ్య తగ్గిస్తే ఇదంతా వృథా. అలసిపోయిన కోడలు నర్సు కాదు, కావాలని కోరడం న్యాయమూ కాదు.

వృద్ధుల ఆరోగ్య సంరక్షణకు 2010-11లో మొదలైన జాతీయ కార్యక్రమం జిల్లా ఆసుపత్రుల్లో పది పడకల వృద్ధుల వార్డు ఉండాలంటుంది. పది పడకలు చిన్న సంఖ్యే, మార్చి చూడడానికి అనువైన సంఖ్య కూడా. రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్యశాఖలూ, వైద్య కళాశాలలూ, వాస్తుశిల్ప కళాశాలలూ కలిసి చెరొక జిల్లాలో ఒక్కో వార్డు తీసుకుని నేల, తలుపుల రంగులు, వెలుతురు, తోడు మనిషి చోటు మార్చాలి. మార్చకముందూ మార్చిన తరవాతా ఎందరు పడిపోయారో, ఎందరికి డెలీరియం వచ్చిందో, ఎందరి చేతులు కట్టాల్సివచ్చిందో లెక్కరాసి ప్రకటించాలి. ఆ లెక్కలు తెలుగు నేల మీది వార్డుల నుంచే రావాలి.