పరీక్షల భయమా.. సాయం అడగండి

నంద్యాల, ఆళ్లగడ్డ: పది, ఇంటర్ పరీక్షలు సమీపించే కొద్దీ కొందరు విద్యార్థులకు నిద్ర పట్టదు. ప్రశ్నపత్రం చేతికందగానే గుండె దడ, వణుకు మొదలై చదివినది గుర్తుకు రాదు. ఇది సోమరితనం కాదు. గడియారం ముందుంచుకుని పాత ప్రశ్నపత్రాలకు జవాబులు రాయడం, తెలిసిన ప్రశ్నతో ప్రారంభించడం ద్వారా భయాన్ని కొంత తగ్గించుకోవచ్చు.

అప్పటికీ తగ్గకుంటే 14416కు ఫోన్ చేయాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవ ఇది. రాత్రింబవళ్లు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆళ్లగడ్డ పరిసర గ్రామాల నుంచి నంద్యాలకు రాలేనివారికి ఇది మరింత ఉపయోగకరం. రాగలిగినవారు నంద్యాల ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఓపీలో మానసిక వైద్యుని గురించి వాకబు చేయాలి.

కళాశాలలకూ బాధ్యత ఉంది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న మార్గదర్శకాలు జారీ చేసింది. వంద, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థలు, శిక్షణ కేంద్రాలు అర్హత గల కౌన్సెలర్‌ను కనీసం ఒకరిని నియమించాలి. చిన్న సంస్థలు బయటి నిపుణుల సాయం తీసుకోవాలి. ఈ ఏర్పాటు ఉందో లేదో చేర్పించేటప్పుడే తల్లిదండ్రులు అడగాలి.

పరీక్ష తప్పినా అదే ఏడాది సప్లిమెంటరీ రాయవచ్చు. 'బతకాలని లేదు' అని బిడ్డ ఒక్కసారి అన్నా తేలిగ్గా తీసుకోరాదు. ఒంటరిగా వదలక, అదే రోజు వైద్యుని వద్దకు తీసుకెళ్లాలి.