ట్రాన్సిస్టరు జన్మవృత్తాంతము

టెలిఫోను తీగపై మాట దూరము పోయిన కొలది క్షీణించును. ఆ క్షీణతను పూరించు సాధనము లేనిచో దూరమును జయించుట దుర్లభము. 1906లో అమెరికా దేశీయుడగు లీ డి ఫారెస్టు నిర్మించిన వాల్వు, తరువాతి వారి కృషిచే మెరుగుపడి ఆ కొరతను తీర్చెను. 1915లో న్యూయార్కు వాసులు శాన్‌ఫ్రాన్సిస్కో వారితో మాటలాడగలిగిరి. అయినను వాల్వునందలి తీగ యెల్లప్పుడు కాగుచుండవలెను, విద్యుద్వ్యయము అధికము, కొంతకాలమునకు మాడిపోవును.

వాల్వునకు మారుగా మరియొక సాధనమును బెల్ టెలిఫోను పరిశోధనాలయము వారు వెదకిరి. 1945లో విలియం షాక్లీ పన్నిన ఉపాయము విఫలమయ్యెను. అర్ధవాహకము యొక్క ఉపరితలముననే ఎలక్ట్రానులు చిక్కుకొని, బయటి విద్యుత్ ప్రభావమును లోనికి పోనీయకున్నవని మరుసటి యేట జాన్ బార్డీన్ వివరించెను. ఓటమికి హేతువు తెలియుటయే గెలుపునకు తొలిమెట్టయ్యెను. 1947 డిసెంబరు 16న బార్డీన్, వాల్టర్ బ్రాటెయిన్ జర్మేనియం ముక్కపై రెండు బంగారు మొనలను వెంట్రుకవాసి యెడముతో ఆనించి, విద్యుత్ సంకేతమును వృద్ధి చేసిరి. 23న అధికారుల సమక్షమున మానవుని మాటయే హెచ్చై వినవచ్చెను. ఈ ఘనకార్యమున తన చేయి లేదని కలత నొందిన షాక్లీ, ఆ కలతను కృషిగా మార్చి, 1948 జనవరిలో మూడు పొరల ట్రాన్సిస్టరును ఊహించెను.

ట్రాన్సిస్టరు లేని శక్తిని సృజింపదు. చెరువు తూము నెత్తువాడు తన బలముతో నీటిని పారించుట లేదు. అతడు కొంచె మెత్తినచో చెరువు నీరే పొలమునకు పరుగిడును. ఇచట చెరువు వంటిది బ్యాటరీ. తూము వంటిది ‘బేసు’ అను నడిమి పొర. ‘ఎమిటరు’ అను పొరనుండి బయలుదేరిన విద్యుత్కణములు, బేసు మిక్కిలి పలుచన యగుటచే, దానిని దాటి ‘కలెక్టరు’ను చేరును. నూరింట ఒక పాలు బేసున ఖర్చై, తక్కిన 99 పాళ్లు కలెక్టరును చేరినచో, బేసు ప్రవాహమునకు 99 రెట్లు ప్రవాహము లభించినట్లే. బేసున ప్రవేశించిన సన్నని ధ్వని సంకేతము హెచ్చుతగ్గులన్నియు ఆ పెద్ద ప్రవాహమున యథాతథముగా ప్రతిఫలించును.

1948 జూన్ 30న ఈ సాధనము లోకమునకు ప్రకటితమైనది. మరునాడు న్యూయార్కు టైమ్స్ పత్రిక రేడియో విశేషముల నడుమ కొద్ది పంక్తులతో సరిపుచ్చెను. 1954లో నాలుగు ట్రాన్సిస్టరులు గల చిన్న రేడియో అమెరికాలో అమ్మకమునకు వచ్చెను. 1956లో మువ్వురు శాస్త్రజ్ఞులకును నోబెల్ బహుమానము లభించెను. తరువాతి కాలమున విద్యుద్దీపమెరుగని పల్లెలకు సైతము చిన్న బ్యాటరీలతో లోకవార్త చేరినది. నాడు పత్రిక మూల నొదిగిన వార్తయే పిమ్మట సమస్త వార్తలకు వాహనమైనది.