ఆబిద్ హసన్ సఫ్రానీ: అక్షరాజ్యాల సహకారిగా ఎంతవరకు?

హైదరాబాదుకు చెందిన ఆబిద్ హసన్ సఫ్రానీ (1911–1984) స్వాతంత్ర్య యోధుడా, యుద్ధకాలంలో నాజీల సహకారియా? రెండు వాదనలకూ ఆధారాలున్నాయి. వాటిని వేరువేరుగా తూచవలసి ఉంది.

1. సహకారం జరిగిందనడంలో సందేహానికి తావు లేదు. ఇంజనీరింగ్ చదువుకు జర్మనీ వెళ్లిన హసన్, 1941లో బెర్లిన్ చేరిన సుభాస్ చంద్రబోస్‌కు కార్యదర్శిగా, దుబాసీగా పనిచేశారు. బోస్ స్థాపించిన ఫ్రీ ఇండియా సెంటర్ జర్మన్ విదేశాంగ శాఖ ఆర్థిక సాయంతో నడిచింది. యుద్ధఖైదీలతో కూర్చిన భారతీయ దళం హిట్లర్‌కు విధేయత ప్రకటిస్తూ ప్రమాణం చేసింది. అయితే ఆ విధేయత బోస్ నాయకత్వాన సాగే భారత పోరాటానికి సంబంధించినదని అదే ప్రమాణంలో ఉంది. అభిమానులు మొదటి సగాన్ని, విమర్శకులు రెండో సగాన్ని తరచు వదిలేస్తారు. రెండూ కలిపి చదవడమే న్యాయం.

2. బోస్, హసన్‌లు జర్మనీ నుంచి ఆసియాకు చేసిన 1943 నాటి జలాంతర్గామి ప్రయాణపు తేదీల్లో తేడాలున్నాయి. కీల్ రేవు నుంచి యు-180 బయల్దేరినది ఫిబ్రవరి 8న అని కొందరు, 9న అని కొందరు రాశారు. మడగాస్కర్ సమీపాన బోస్, హసన్‌లు రబ్బరు పడవలో జపాన్ వారి ఐ-29కి మారినది ఏప్రిల్ 28న అని ఎక్కువమంది అంటారు. ఒకటి రెండు రోజులు ముందుకు జరిపినవారూ ఉన్నారు. నౌకలు కలుసుకున్న రోజు, మనుషులు మారిన రోజు ఒకటి కాకపోవడమే ఇందుకు కారణం కావచ్చు. తేదీ కన్నా ముఖ్యమైన సంగతి మరొకటి: ఐ-29 నుంచి యు-180కి దాదాపు రెండు టన్నుల బంగారం చేరింది. కనుక ఇది రెండు అక్షరాజ్యాలు ముందుగా కుదుర్చుకున్న ఇచ్చిపుచ్చుకోలు. ప్రయాణికులిద్దరూ అందులో భాగమే.

3. ‘జైహింద్’ నినాదం హసన్ కల్పించారన్నది బాగా ప్రచారంలో ఉంది. 1934లో బెర్లిన్‌లో మరణించిన చెంపకరామన్ పిళ్లైకి దాన్ని ఆపాదించే కథనమూ ఉంది. 1941 నవంబరులో ఫ్రీ ఇండియా సెంటర్ దాన్ని స్వీకరించిందన్నంతవరకు స్థిరంగా చెప్పవచ్చు.

4. ఈ సహకారాన్ని తూచడానికి ఒక పోలిక ఉపయోగపడుతుంది. 1945 డిసెంబరులో నెదర్లాండ్స్ న్యాయస్థానం అక్కడి నాజీ నేత ముసెర్ట్‌కు మరణశిక్ష విధించింది. అదే నెలలో ఎర్రకోటలో బోస్ నడిపిన ఆజాద్ హింద్ ఫౌజ్‌కు చెందిన ముగ్గురు అధికారులపై విచారణ ముగిసింది. 1946 జనవరిలో వారికి పడిన ద్వీపాంతరవాస శిక్ష రద్దయింది. ముసెర్ట్ తన దేశాన్ని ఆక్రమించినవారితో కలిశాడు; వీరు తమ దేశాన్ని ఆక్రమించినవారి శత్రువుతో కలిశారు. ఈ తేడా మౌలికమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. నాజీల ఘోరాలు మాత్రం ఆ తేడాతో చిన్నవి కావు. హసన్ 1948 నుంచి భారత విదేశాంగ సేవలో ఉండి డెన్మార్క్‌లో రాయబారి కావడం స్వతంత్ర భారతం ఇచ్చిన తీర్పు. 1941–43 నాటి చర్యలకు దాన్ని సాక్ష్యంగా వాడరాదు.