చోరీ కారు ఆచూకీ చెప్పే పరికరం: ఎంపికలో గమనించవలసిన అంశాలు

భిలాయి (ఛత్తీస్‌గఢ్): ఉక్కు నగరం భిలాయి మీదుగా సాగే 53వ జాతీయ రహదారి తూర్పున రాయ్‌పుర్ మీదుగా ఒడిశాకు, పడమట దుర్గ్, రాజ్‌నాంద్‌గావ్‌ల మీదుగా మహారాష్ట్రకు దారితీస్తుంది. ఛత్తీస్‌గఢ్‌కు ఏడు రాష్ట్రాలతో సరిహద్దు ఉంది. అర్ధరాత్రి క్వార్టరు ముందు నుంచి మాయమైన కారు, యజమాని నిద్ర లేచేలోగా మరో రాష్ట్ర పోలీసుల పరిధిలోకి చేరిపోగలదు. అందువల్ల ట్రాకింగ్ పరికరం కొనేవారు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ధర గురించి కాదు. దొంగ కారును స్వాధీనం చేసుకున్న తరువాత తొలి కొన్ని గంటలు ఆ పరికరం పనిచేస్తూ ఉంటుందా అన్నదే అసలు ప్రశ్న.

భిలాయి కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. ఉపాధి కోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం ఉన్నాయి. 2024 సెప్టెంబరులో మొదలైన దుర్గ్-విశాఖపట్నం వందే భారత్ వంటి రైళ్లలో సెలవులకు స్వస్థలాలకు వెళ్లినప్పుడు కారు రోజుల తరబడి ఇంటి ముందే ఉండిపోతుంది. రాత్రి షిఫ్టుకు వెళ్లిన ఉద్యోగికి సైతం వాహనం ఎనిమిది గంటల పాటు కంటికి దూరంగా ఉంటుంది. ఇటువంటి వేళల్లోనే ఈ పరికరం అవసరం తెలుస్తుంది.

పనితీరు

జీపీఎస్ ట్రాకర్ రెండు పనులు చేస్తుంది. ఉపగ్రహాల సంకేతాలను అందుకుని తానెక్కడ ఉన్నదీ లెక్కిస్తుంది. ఆ వివరాన్ని సిమ్ కార్డు ద్వారా మొబైల్ నెట్‌వర్క్ మీదుగా యజమాని ఫోనుకు చేరవేస్తుంది. రెండింటిలో ఏది నిలిచిపోయినా తాజా ఆచూకీ అందదు. ఇనుప రేకుల షెడ్డులో గానీ, నేలమాళిగ పార్కింగులో గానీ ఉపగ్రహ సంకేతం బలహీనపడుతుంది. అటువంటి చోట సమీప మొబైల్ టవర్ల ఆధారంగా స్థూలంగానైనా ప్రాంతాన్ని సూచించగల పరికరం మేలు.

2జీ మీద మాత్రమే పనిచేసే చౌక పరికరాల విషయంలో జాగ్రత్త అవసరం. దేశంలోని అన్ని సంస్థలకూ 2జీ సేవలు లేవు. 4జీతో పనిచేస్తూ, అవసరమైతే 2జీకి మారగలిగే పరికరం రాష్ట్రాలు దాటే ప్రయాణంలోనూ అక్కరకు వస్తుంది. సిమ్ రీచార్జి, యాప్ చందా గడువు ముగిస్తే ఎంత మంచి పరికరమైనా మూగబోతుంది.

నాలుగు రకాలు

మొదటిది కారు బ్యాటరీకి తీగలతో కలిపే పరికరం. ఇది నిరంతరం సమాచారం పంపగలదు. బ్యాటరీ తీగ తెంచిన వెంటనే హెచ్చరిక పంపడం, లోపలి బ్యాటరీతో మరికొన్ని గంటలు పనిచేయడం దీనికి ఉండవలసిన లక్షణాలు. రోజుల తరబడి కదలకుండా ఉండే కారులో ఇది బ్యాటరీని హరించకుండా నిద్రావస్థలోకి వెళ్లే సదుపాయం కూడా ఉండాలి.

రెండవది డ్యాష్‌బోర్డు కింద ఉండే ఓబీడీ పోర్టుకు తగిలించేది. అమర్చడం తేలిక; దొంగకు ఊడబెరకడం అంతకంటే తేలిక. చోరీ నిరోధానికి దీనినొక్కదానినే నమ్ముకోవడం సరికాదు.

మూడవది సొంత బ్యాటరీతో నడిచే తీగలు లేని పరికరం. రోజుకు ఒకటి రెండు సార్లు మాత్రమే సమాచారం పంపేలా అమరిస్తే నెలల తరబడి పనిచేసేవి ఉన్నాయి. కారు వైరింగుతో సంబంధం లేనందున దొంగకు సులువుగా దొరకదు. అయితే తాజా స్థానం వెంటనే తెలియకపోవచ్చు.

నాలుగవది ఎయిర్‌ట్యాగ్ వంటి బ్లూటూత్ ట్యాగ్. దీనికి జీపీఎస్ గానీ సిమ్ గానీ ఉండవు. సమీపంలోని ఇతరుల ఫోన్ల ద్వారా స్థానాన్ని తెలియజేస్తుంది. జనసంచారం లేని రహదారిలో ఇది అంతగా ఉపకరించదు. పైగా ఒకరిని రహస్యంగా వెంటాడేందుకు వాడకుండా, అపరిచిత ట్యాగ్ వెంట వస్తోందని ఫోనుకు హెచ్చరిక పంపే విధానాన్ని ఆపిల్, గూగుల్ 2024 మేలో అమలులోకి తెచ్చాయి. ఆ హెచ్చరిక దొంగ ఫోనుకూ అందుతుంది.

ఈ కారణాల వల్ల తీగలతో కూడిన పరికరం ఒకటి, దానితో సంబంధం లేకుండా మరోచోట దాచిన బ్యాటరీ పరికరం ఒకటి ఉంచడం ఉత్తమం. మొదటిది దొరికి తొలగించినా రెండవది మిగులుతుంది. లోహం అడ్డు లేని ప్లాస్టిక్ భాగాల వెనుక అమర్చితే సంకేతం బాగా అందుతుంది.

ప్రమాణాలు, పరిమితులు

ప్రజా రవాణా వాహనాలలో ట్రాకింగ్ పరికరం, అత్యవసర బటన్ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 125హెచ్ చెబుతోంది. వాటికి వర్తించే ప్రమాణం ఏఐఎస్-140. సొంత కార్లకు ఇది తప్పనిసరి కాకపోయినా, ఆ ధ్రువీకరణ ఉన్న పరికరాన్ని నాణ్యతకు గీటురాయిగా తీసుకోవచ్చు.

ఇంజిన్‌ను దూరం నుంచి నిలిపివేసే సదుపాయాన్ని కొన్ని పరికరాలు అందిస్తాయి. కదులుతున్న కారు రహదారి మధ్యలో ఆగిపోతే ఇతరుల ప్రాణాలకు ముప్పు. ఆగిన తరువాత మళ్లీ స్టార్ట్ కాకుండా చేసేదే సురక్షితం. వైరింగును కత్తిరిస్తే తయారీ సంస్థ వారంటీ వర్తించకపోవచ్చు. కనుక ముందుగా విచారించుకోవాలి.

కొత్త కార్లలో తయారీ సంస్థలే ట్రాకింగ్ సేవ అందిస్తున్నాయి. ఉచిత కాలం ముగిశాక దానిని పునరుద్ధరించుకోవాలి. పాత కారు కొన్నవారు మునుపటి యజమాని ఖాతాను తొలగింపజేయాలి. లేకుంటే కారు ఎక్కడ ఉన్నదీ అతనికి తెలుస్తూనే ఉంటుంది.

చోరీ జరిగితే

ట్రాకర్ చోరీని ఆపదు, కారును వెనక్కి తేదు. ఆచూకీ మాత్రమే చెబుతుంది. తెరపై కారు కనిపించినా యజమాని స్వయంగా వెంబడించడం ప్రమాదకరం. వెంటనే 112కు ఫోను చేసి, రిజిస్ట్రేషన్ నంబరు, ఛాసిస్ నంబరు, ప్రస్తుత స్థానం తెలపాలి. ప్రయాణ మార్గం స్క్రీన్‌షాట్లను భద్రపరచాలి. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 173వ సెక్షన్ ప్రకారం నేరం ఏ ప్రాంతంలో జరిగినా ఏ పోలీసు స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపితే మూడు రోజుల్లోగా సంతకం చేయాలి. స్వస్థలానికి వెళ్లిన యజమానికి ఈ వెసులుబాటు ఎంతో కీలకం.

బీమా సంస్థకు కూడా అదే రోజు తెలియజేయడం మంచిది. పోలీసులకు వెంటనే ఫిర్యాదు చేసిన సందర్భంలో, బీమా సంస్థకు ఆలస్యంగా తెలిపారన్న ఒక్క కారణంతో నిజమైన క్లెయిమును తిరస్కరించరాదని 2020 జనవరిలో సుప్రీంకోర్టు త్రిసభ్య ధర్మాసనం స్పష్టం చేసింది. కారు దొరకని పక్షంలో క్లెయిముకు పోలీసుల తుది నివేదిక, కారు తాళాలు, రిజిస్ట్రేషన్ పత్రాలు అవసరమవుతాయి. దొరికితే కోర్టు ఉత్తర్వుపై వాహనాన్ని తిరిగి పొందవచ్చు. రిజిస్ట్రేషన్ పత్రం, రెండవ తాళం కారులోనే వదలకుండా ఇంట్లో భద్రపరచుకోవడం ఇందుకే అవసరం.