నిఘా విమానం, వదంతి, ఆధారం: పశ్చిమ ప్రకాశం ఆకాశ చరిత్రకు ఒక పరిశీలన పద్ధతి

వ్యాససంగ్రహం: రహస్యంగా, అతివేగంగా ఎగిరే సైనిక నిఘా విమానాల గురించిన ఊహాగానాలు ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధమంతా వినిపించాయి. వాటిలో కొన్ని ప్రభుత్వ పత్రాలు వెలువడిన తర్వాత నిజమని తేలాయి. కొన్నింటికి నేటికీ ఆధారం లభించలేదు. ఈ రెండు వర్గాలను పోల్చి, నల్లమలను ఆనుకొని ఉన్న మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల మౌఖిక చరిత్రలో ఆకాశానికి సంబంధించిన కథనాలను పరీక్షించే పద్ధతిని ప్రతిపాదించడం ఈ వ్యాస లక్ష్యం. 2009 సెప్టెంబరులో నల్లమలలో జరిగిన గాలింపును ప్రధాన ఉదాహరణగా స్వీకరించడమైనది.

కీలకపదాలు: నిఘా విమానాలు, వదంతి, మౌఖిక చరిత్ర, నల్లమల, మార్కాపురం, గిద్దలూరు, అరోరా, చార్బటియా.

1. ఉపోద్ఘాతం

పలకల పరిశ్రమకు పేరొందిన మార్కాపురం, పెద్ద చెరువు గల కంభం, నల్లమల కనుమకు తూర్పు వాకిలి వంటి గిద్దలూరు - ఇవి పశ్చిమ ప్రకాశంగా వ్యవహరించే ప్రాంతంలోని ప్రధాన పట్టణాలు. గుంటూరు-నంద్యాల రైలుమార్గం వీటిని కలుపుతుంది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడే వరకు ఈ ప్రాంతం కర్నూలు జిల్లాలో భాగం. ఇక్కడి నుంచి ప్రయాణికుల విమానాలు నడవవు. అందువల్ల విమానం ఈ పల్లెల అనుభవంలో ఎక్కి ప్రయాణించే వాహనంగా కంటే తలమీదుగా సాగిపోయే ధ్వనిగానే ఎక్కువగా నిలిచింది.

దీనికి తోడు నల్లమల కొన్ని దశాబ్దాలపాటు నక్సలైట్ ఉద్యమానికి, పోలీసు గాలింపులకు వేదిక అయింది. 2004 అక్టోబరులో హైదరాబాదులో ప్రభుత్వానికి, నక్సలైట్ ప్రతినిధులకు మధ్య జరిగిన చర్చలు ఫలించకపోవడంతో అడవిలో గాలింపు తిరిగి ముమ్మరమైంది. తమను ఎవరో గమనిస్తున్నారన్న భావన సహజంగా ఏర్పడే ఇటువంటి చోట ఆకాశంలో వినిపించిన అపరిచిత శబ్దానికి, కనిపించిన వెలుగుకు జనం ఇచ్చే అర్థం చరిత్రకారుడికి విలువైన సామగ్రి. అయితే అది దేనికి ఆధారమన్నదే ప్రశ్న: ఆకాశంలో జరిగిన సంఘటనకా, నేలమీది మనుషుల మనఃస్థితికా? ఈ తేడాను గుర్తించడానికి ప్రపంచ చరిత్రలోని కొన్ని ఉదాహరణలు దారి చూపుతాయి.

2. రహస్యం పత్రంగా మారిన సందర్భాలు

అమెరికా గూఢచార సంస్థ సి.ఐ.ఏ. కోసం లాక్‌హీడ్ సంస్థ రూపొందించిన యు-2 విమానం 1955లో తొలిసారి ఎగిరింది. ఇది వేగంలో సాధారణమైనదే. దాని బలం ఎత్తు. 20 కి.మీ.కు పైగా ఎత్తున ఎగురుతూ ఫొటోలు తీయగలిగేది. 1960 మే 1న సోవియట్ క్షిపణి దాన్ని కూల్చివేసినప్పుడు, అది దారి తప్పిన వాతావరణ పరిశోధన విమానమని అమెరికా ప్రకటించింది. పైలట్ సజీవంగా పట్టుబడ్డాడని కొద్దిరోజులకే సోవియట్ నాయకుడు కృశ్చేవ్ వెల్లడించడంతో ఆ ప్రకటన అబద్ధమని ప్రపంచానికి తెలిసింది.

యు-2కు వారసురాలిగా వచ్చిన ఎ-12 విమానం 1962లో ఎగిరింది. దాని నుంచి రూపొందిన ఎస్.ఆర్.-71 'బ్లాక్‌బర్డ్' 1976 జులైలో గంటకు 3,529 కి.మీ. వేగంతో రికార్డు నెలకొల్పింది. ఈ విమానాలు రహస్యంగా ఉన్న కాలంలో గగనంలో వింత వస్తువులు చూశామన్న ఫిర్యాదులు అమెరికాలో పెరిగాయి. సాధారణ విమానాలకు ఎంతో పైన, సాయంసంధ్యలో నేల చీకటిపడిన తర్వాత కూడా సూర్యకాంతికి మెరిసే లోహపు రెక్కలు చూపరులకు అర్థం కాకపోవడం సహజమే. ఆ ఫిర్యాదుల్లో సగానికి పైగా తమ నిఘా విమానాల వల్లనే వచ్చాయని సి.ఐ.ఏ. అధ్యయనం ఒకటి తర్వాత పేర్కొంది. ఆ నిష్పత్తిని ప్రశ్నించినవారూ ఉన్నారు. అయినా ఒక విషయం స్పష్టం: చూపరులు నిజంగానే ఏదో చూశారు, చూసినదానికి ఇచ్చిన పేరు మాత్రం తప్పు. చూపును, దాని వ్యాఖ్యానాన్ని విడదీయాలన్న సూత్రం ఇక్కడి నుంచి గ్రహించదగినది.

3. 'అరోరా': పత్రం లభించని వదంతి

ఇందుకు భిన్నమైన ఉదాహరణ 'అరోరా'. 1985లో వెలువడిన అమెరికా రక్షణ బడ్జెట్ పత్రాల్లో ఈ పేరు ఒక పద్దుగా కనిపించింది. 1990లో ఎస్.ఆర్.-71ను అమెరికా వాయుసేన విరమింపజేసింది. దానికంటే వేగవంతమైన మరో విమానం సిద్ధంగా ఉంటేనే కదా దీన్ని పక్కనపెడతారన్న తర్కంతో ఊహాగానాలు బలపడ్డాయి. ఉత్తర సముద్రంలోని చమురు వేదికపై పనిచేసిన ఒక ఇంజనీరు, 1989 ఆగస్టులో త్రికోణాకారపు విమానం ఇంధనం నింపుకోవడం చూశానని తర్వాత వెల్లడించాడు. ఆయన విమానాలను గుర్తించడంలో శిక్షణ పొందినవాడు. 1991 నుంచి దక్షిణ కాలిఫోర్నియాలో భూకంప పరికరాలు కొన్ని వింత ప్రకంపనలను నమోదు చేశాయి. అవి ధ్వనివేగాన్ని మించి ఎగిరే వస్తువుల వల్ల వచ్చినవేనని శాస్త్రజ్ఞులు భావించారు.

బడ్జెట్ పద్దు, శిక్షితుడైన సాక్షి, పరికరాల నమోదు - ఈ మూడూ కలిస్తే బలమైన రుజువుగానే తోస్తుంది. కానీ లాక్‌హీడ్ రహస్య విభాగానికి అధిపతిగా పనిచేసిన బెన్ రిచ్ 1994లో ప్రచురించిన స్మృతుల్లో, 'అరోరా' అన్నది బి-2 బాంబరు పోటీకి కేటాయించిన నిధుల సంకేతనామం మాత్రమేనని రాశాడు. అటువంటి వేగవంతమైన విమానం ఒకటి ఉన్నట్లు చూపే అధికారిక పత్రం, శకలం, ఛాయాచిత్రం ఇంతవరకు బయటికి రాలేదు. యు-2, ఎ-12ల రహస్యం కొన్ని దశాబ్దాల్లో పత్రాలుగా మారింది. 'అరోరా' విషయంలో అది జరగలేదు. విడివిడి సంఘటనలను ఒకే దారానికి గుచ్చిన కథ ఎంత పొందికగా ఉన్నా, ఆ పొందికే రుజువు కాదని ఈ ఉదాహరణ చెబుతుంది.

4. భారత గగనతలంలో

భారతదేశానికీ ఇటువంటి చరిత్ర ఉంది. 1962 చైనా యుద్ధం తర్వాత సరిహద్దును ఫొటోలు తీయడానికి యు-2 విమానాలకు భారత ప్రభుత్వం అనుమతించింది. 2013లో మరింత విస్తృతంగా బహిర్గతమైన సి.ఐ.ఏ. అంతర్గత చరిత్ర ఈ వివరాలను వెల్లడించింది. 1963 జూన్ 3న అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ, భారత రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్‌ల సమావేశంలో భారత భూభాగంపై స్థావరం ప్రస్తావన వచ్చింది. కటక్ సమీపంలోని చార్బటియా అందుకు ఎంపికైంది. 1964 మే 24న అక్కడి నుంచి తొలి నిఘా ప్రయాణం జరిగింది. మూడు రోజులకే ప్రధాని నెహ్రూ మరణించడంతో కార్యక్రమం ఆగి, డిసెంబరులో మళ్లీ సాగింది. 1967లో స్థావరం మూతపడింది.

రెండో ఉదాహరణ మిగ్-25. 'గరుడ' పేరుతో పిలిచిన ఈ సోవియట్ నిఘా విమానాలు 1981లో భారత వాయుసేనలో చేరి, బరేలీ కేంద్రంగా పనిచేసి, 2006 మేలో విరమించాయి. ధ్వనివేగానికి మూడు రెట్లకు దగ్గరగా, 20 కి.మీ.కు మించిన ఎత్తులో ఇవి ఎగరగలవు. 1997 మేలో ఇస్లామాబాద్ ప్రాంతంలో పెద్ద విస్ఫోట ధ్వని వినిపించినప్పుడు, అది తమ గగనతలంలోకి వచ్చిన భారత మిగ్-25 చప్పుడేనని పాకిస్తాన్ ఆరోపించింది. భారత్ దాన్ని అంగీకరించలేదు.

ఈ రెండింటిలోనూ గమనించవలసింది దిశ. చార్బటియా విమానాల లక్ష్యం హిమాలయ సరిహద్దు. బరేలీ విమానాల లక్ష్యం ఉత్తర, పశ్చిమ సరిహద్దులు. వీటి అసలు కార్యరంగం నల్లమలకు చాలా దూరం. కాబట్టి రహస్య విమానాలు దేశంలో ఉండేవన్న సాధారణ సత్యం, అవి గిద్దలూరు మీదుగా ఎగిరాయన్న ప్రత్యేక వాదనకు రుజువుగా పనికిరాదు.

5. నల్లమల, 2009 సెప్టెంబరు

నల్లమల విషయంలో ఆధునిక నిఘా సాధనాలు బహిరంగంగానే రంగంలోకి దిగిన సందర్భం ఒకటుంది. 2009 సెప్టెంబరు 2 ఉదయం 8:38 గంటలకు ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న బెల్-430 హెలికాప్టర్ బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరింది. గంట గడిచేసరికి దానితో సంబంధాలు తెగిపోయాయి. అడవిపై దట్టమైన మేఘాలు, వర్షం. వాయుసేన హెలికాప్టర్లు, సుఖోయ్-30 యుద్ధవిమానం, ఉష్ణచిత్రాలు తీయగల విమానం గాలింపులో పాల్గొన్నాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో శ్రీహరికోట నుంచి ప్రయోగించిన రాడార్ ఉపగ్రహం రిశాట్-2 చేత కూడా చిత్రాలు తీయించారు. నేలమీద పోలీసులు, కేంద్ర బలగాలు, అడవి తెలిసిన చెంచులు వెతికారు.

మరునాటి ఉదయం వాతావరణం కొంత తెరిపి ఇచ్చాక, అప్పటి కర్నూలు జిల్లా ఆత్మకూరు వైపు అడవుల్లోని పావురాలగుట్టపై శకలాలు వాయుసేన హెలికాప్టర్ కంటపడ్డాయి. అందులోని ఐదుగురూ మరణించారు. అదే కొండల వరుసకు తూర్పు అంచున మార్కాపురం, గిద్దలూరు ఉన్నాయి.

ఈ సంఘటన రెండు విషయాలను నిరూపిస్తుంది. మొదటిది, ఆకాశపు కన్ను సర్వజ్ఞమైనది కాదు. దేశం వద్ద ఉన్న ఉత్తమ సాధనాలు మోహరించినా, మేఘం కింద, చెట్ల మధ్య ఉన్నదాన్ని కనుగొనడానికి దాదాపు ఒక పగలు, ఒక రాత్రి పట్టింది. రెండోది, సమాచారం లేని వ్యవధిని వదంతి నింపుతుంది. హెలికాప్టర్ సురక్షితంగా దిగిందని, ముఖ్యమంత్రి రోడ్డు మార్గాన వస్తున్నారని తొలి గంటల్లో వచ్చిన వార్తలు నిలవలేదు. 2010 జనవరిలో, ప్రమాదం వెనుక కుట్ర ఉందన్న ఒక విదేశీ వెబ్‌సైటు రాతను కొన్ని తెలుగు టీవీ ఛానళ్లు ప్రసారం చేయగా, రాష్ట్రంలో పలుచోట్ల ఒక వ్యాపార సంస్థ దుకాణాలపై దాడులు జరిగాయి. సాంకేతిక కమిటీ, సి.బి.ఐ. దర్యాప్తులు కుట్రను నిర్ధారించలేదు. వదంతి కాలక్షేపం కాదు. దానికి నష్టపోయే మనుషులు ఉంటారు. చరిత్రకారుడు పరీక్షించకుండా దాన్ని పుస్తకంలోకి ఎక్కిస్తే ఆ నష్టం శాశ్వతమవుతుంది.

6. కథనాన్ని పరీక్షించే పద్ధతి

పశ్చిమ ప్రకాశంలో మౌఖిక చరిత్ర సేకరించే పరిశోధకుడికి ఎవరైనా పెద్దవారు "ఫలానా కాలంలో ఆకాశంలో పెద్ద పేలుడు వినిపించింది, ఏదో రహస్య విమానం పోయింది" అని చెబితే, ఆ మాటను కొట్టిపారేయనక్కరలేదు. యథాతథంగా స్వీకరించనూ కూడదు. దిగువ ప్రశ్నలతో పరీక్షించవచ్చు.

అ) శబ్దం ఎంత మేర వినిపించింది? ధ్వనివేగాన్ని మించిన విమానం వెంట సోనిక్ బూమ్ ఒక పట్టీలాగా నేలమీద సాగుతుంది. ఎత్తు ప్రతి వెయ్యి అడుగులకు ఆ పట్టీ వెడల్పు సుమారు ఒక మైలు చొప్పున పెరుగుతుంది. అంటే 70,000 అడుగుల ఎత్తున పోయే విమానం చప్పుడు సుమారు 110 కి.మీ. వెడల్పున వినిపించాలి. గిద్దలూరు నుంచి సరళరేఖలో మార్కాపురం, నంద్యాల రెండూ ఇంచుమించు 50 కి.మీ. దూరంలోనే ఉన్నాయి. గిద్దలూరు మీదుగా దక్షిణోత్తరంగా అటువంటి విమానం పోయి ఉంటే, పట్టీ అంచుల్లో బలహీనంగానైనా ఆ రెండు పట్టణాల్లోనూ వినిపించడానికి అవకాశం ఉంది. ఒకే ఊరిలో వినిపించిన పేలుడుకు కారణాన్ని ముందుగా నేలమీదే వెతకాలి. పలక గనుల్లో, రాతి క్వారీల్లో పేల్చే మందుగుండును అప్పుడు లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.

ఆ) చూపు, శబ్దం ఒకేసారి కలిగాయా? అంత ఎత్తున, ధ్వనివేగానికి మూడు రెట్ల వేగంతో పోయే విమానం నడినెత్తిని దాటిన సుమారు ఒక నిమిషానికి గానీ దాని చప్పుడు నేలను చేరదు. గిద్దలూరు దాటి మార్కాపురం దిశగా పోయిన విమానం, గిద్దలూరులో చప్పుడు వినిపించేసరికి మార్కాపురం సమీపంలో ఉంటుంది. "తలెత్తి చూస్తుండగా, నెత్తిమీదే పేలింది" అన్న సాక్షి అబద్ధమాడుతున్నట్లు కాదు; ఆయన చూసింది తక్కువ ఎత్తులోని మరో వస్తువై ఉండవచ్చు.

ఇ) ఆ తేదీన తెలిసిన కారణం ఏదైనా ఉందా? శ్రీహరికోట రాకెట్ల వెలుగు, నిర్మలమైన రాత్రివేళ చాలా దూరం కనిపిస్తుంది. బాపట్ల వద్ద సూర్యలంకలో వాయుసేన కేంద్రం ఉంది. హైదరాబాదులోని టాటా పరిశోధన సంస్థ కేంద్రం దశాబ్దాలుగా 30 కి.మీ.కు మించిన ఎత్తుకు భారీ బెలూన్లను పంపుతోంది. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్ల పొలాల్లో దిగిన వింత గోళాన్ని జనం గ్రహాంతర నౌకగా చెప్పుకున్నారు. అది ఒక స్పెయిన్ సంస్థ ప్రయోగం కోసం హైదరాబాదు నుంచి ఎగిరిన బెలూన్ తాలూకు పేటిక. ప్రయోగ తేదీలు బహిరంగంగా లభిస్తాయి కనుక పోల్చడం సులభం.

ఈ) పత్రాలు ఎక్కడ ఉంటాయి? 1970కి పూర్వపు సంఘటనలైతే ఒంగోలు కార్యాలయాల కంటే ముందు కర్నూలు జిల్లా రికార్డులను చూడాలి. తర్వాతి కాలానికి దినపత్రికల జిల్లా సంచికలు, రైల్వే స్టేషన్ల, అటవీ కార్యాలయాల రికార్డులు ఉపకరిస్తాయి.

7. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. రహస్య నిఘా విమానాలు వాస్తవం. చార్బటియా, బరేలీ అందుకు భారతీయ ఉదాహరణలు. రహస్యం వదంతికి చోటిస్తుంది, అయితే వదంతి ఉండటమే రహస్యం ఉందనడానికి రుజువు కాదు. 'అరోరా' ఇందుకు ఉదాహరణ. నల్లమలపై ఆకాశ నిఘాకు గల పరిమితులను 2009 గాలింపు స్పష్టం చేసింది. పరీక్షలో నిలవని కథనాన్ని కూడా పరిశోధకుడు పారవేయకూడదు. విమానం గురించి అది ఏమీ చెప్పకపోయినా, అడవి అంచున బతికిన మనుషులు రాజ్యాన్ని ఎంత దూరంలో, ఎంత ఎత్తులో ఊహించుకున్నారో చెబుతుంది. అటువంటి కథనాలను తేదీ, స్థలం, చెప్పినవారి వయసు, వృత్తి వివరాలతో నమోదు చేసి, సంఘటన చరిత్రగా కాక భయాల, నమ్మకాల చరిత్రగా భద్రపరచడం పశ్చిమ ప్రకాశం ప్రాంతీయ చరిత్రకు అవసరమైన పని.